కింది డివిజన్‌లో ఒక సీజన్: ఫుట్‌బాల్ లీగ్ నడిచే తీరు, ఉత్తరాంధ్రలో దాని అవసరం

శ్రీకాకుళం, విజయనగరం: ఉత్తరాంధ్ర క్రీడల ప్రస్తావన వస్తే ముందుగా గుర్తుకు వచ్చేవి కుస్తీ, బరువులు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు కలియుగ భీమునిగా దేశమంతటా పేరు పొందారు. ఆమదాలవలస మండలం ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించారు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడకు వెయిట్‌లిఫ్టర్ల గ్రామమన్న పేరు స్థిరపడింది. క్రికెట్‌కు వస్తే 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ విజయనగరం రాజకుటుంబీకుడే. శ్రీకాకుళంలో స్టేడియానికి రామ్మూర్తి పేరు, విజయనగరంలో స్టేడియానికి విజ్జీ పేరు ఉండటం ఈ చరిత్రకు గుర్తు.

ఈ వరుసలో ఫుట్‌బాల్ పేరు వినిపించదు. అలాగని ఆట లేదని కాదు. పాఠశాల మైదానాల్లో, కళాశాల ఆవరణల్లో, తీర గ్రామాల ఇసుకలో బంతి తన్నే పిల్లలకు కొదవ లేదు. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలలోనూ అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో జట్లు ఎంపికవుతూనే ఉన్నాయి. అయితే ఆ బాలుడు పాఠశాల విడిచిన తరువాత వచ్చే వారం ఎవరితో ఆడాలి, ఆ పై వారం ఎవరితో ఆడాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది టోర్నమెంటు కాదు, లీగ్. దేశవిదేశాలలో ఫుట్‌బాల్ నిలబడింది పెద్ద స్టేడియాల మీద కాదు. ఎవరూ టికెట్టు కొనని కింది డివిజన్ల ఆదివారపు మ్యాచ్‌ల మీద. ఆ డివిజన్లు ఎలా నడుస్తాయో, ఇక్కడి పరిస్థితులకు ఎలా అమరుతాయో తెలుసుకోవలసిన అవసరం జిల్లా క్రీడాభిమానులకు ఉంది.

ఒక్క ఓటమితో ఇంటికి

సంక్రాంతికో, అమ్మవారి పండుగకో జరిగే పోటీలు సాధారణంగా నాకౌట్ పద్ధతిలో ఉంటాయి. ఓడిన జట్టు బయటికి, గెలిచిన జట్టు ముందుకు. నిర్వాహకులకు ఇది సులువు. 16 జట్లు వస్తే 15 మ్యాచ్‌లతో విజేత తేలిపోతుంది. రెండు మూడు రోజుల్లో కప్పు, నగదు బహుమతి, అతిథుల ప్రసంగాలు అన్నీ ముగుస్తాయి. కానీ ఆ 16 జట్లలో 8 జట్లు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి తిరుగు ప్రయాణమవుతాయి. బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చిన కుర్రవాడు 90 నిమిషాలు కూడా ఆడకుండా వెళ్ళిపోవడం ఈ పద్ధతిలో తప్పనిసరి.

లీగ్‌లో లెక్క వేరు. 10 జట్లు ఒకదానితో ఒకటి ఒకసారి తలపడితే మొత్తం 45 మ్యాచ్‌లు. ప్రతి జట్టుకూ 9. సొంత మైదానంలో ఒకటి, ఎదుటి వారి మైదానంలో ఒకటి చొప్పున రెండుసార్లు ఆడితే 90 మ్యాచ్‌లు. ప్రతి జట్టుకూ 18. అంటే అట్టడుగున నిలిచిన జట్టులోని ఆటగాడికి కూడా 1,620 నిమిషాల ఆట దక్కుతుంది. మొదటి ఆదివారం చేసిన తప్పును రెండో ఆదివారం దిద్దుకునే వీలుంటుంది. శిక్షకుడికి కూడా ఒక ఆటగాడు అలసినప్పుడు ఎలా ఆడతాడు, వర్షంలో ఎలా ఆడతాడు, రెండు వరుస ఓటముల తరువాత ఎలా ఆడతాడు అన్నది తెలిసేది ఇక్కడే.

లీగ్ పుట్టుకకు కారణం కూడా ఇదే. ఇంగ్లండులో 1880ల నాటికి కప్పు పోటీలు, స్నేహపూర్వక మ్యాచ్‌లు ఉండేవి. కప్పు నుంచి ముందే వైదొలగిన జట్టుకు తరువాత ఆడటానికి ఏమీ మిగిలేది కాదు. ఒప్పుకున్న మ్యాచ్‌లు చివరి నిమిషంలో రద్దయ్యేవి. ఈ అనిశ్చితికి విసిగిన ఆస్టన్ విల్లా క్లబ్బు ప్రతినిధి విలియం మెక్‌గ్రెగర్ చొరవతో 1888లో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్‌ను ఏర్పరచుకున్నాయి. ప్రతి జట్టూ 22 మ్యాచ్‌లు ఆడాలి, తేదీలు ముందే ఖరారు కావాలి అన్నది ఒప్పందం. తమాషా ఏమిటంటే గెలుపుకు ఎన్ని పాయింట్లు, డ్రాకు ఎన్ని అన్నది సీజన్ మొదలైన తరువాత గాని తేల్చుకోలేదు. ముందు ఆడటం మొదలు పెట్టారు, నిబంధనలు తరువాత కుదిరాయి. నాలుగేళ్ళకు, 1892లో, రెండో డివిజన్ వచ్చింది.

పైకి మెట్టు, కిందికి మెట్టు

లీగ్‌కు ప్రాణం డివిజన్ల మధ్య రాకపోకలు. సీజన్ చివర కింది డివిజన్‌లో మొదటి ఒకటి రెండు స్థానాల్లో ఉన్న జట్లు పై డివిజన్‌కు వెళతాయి. పై డివిజన్‌లో అడుగున ఉన్నవి కిందికి దిగుతాయి. దీనివల్ల టైటిల్ ఆశ లేని జట్టుకు కూడా చివరి వారం వరకు ఆడటానికి ఒక కారణం ఉంటుంది. ఏడో స్థానం, ఎనిమిదో స్థానం మధ్య పోరాటం ఒక్కోసారి మొదటి స్థానం కోసం జరిగే పోరాటం కన్నా తీవ్రంగా ఉంటుంది. కింది డివిజన్ల మ్యాచ్‌లు చూసేవారికి ఇది కొత్త సంగతి కాదు.

దీనికి మంచి ఉదాహరణ మన పొరుగునే ఉంది. 1898లో ఆరంభమైన కలకత్తా ఫుట్‌బాల్ లీగ్ ఆసియాలోనే పాతది. మొదట్లో అందులో ఆడినవి తెల్లవారి క్లబ్బులు, సైనిక పటాలాల జట్లు. 1911లో ఐఎఫ్ఏ షీల్డు గెలిచి, ఉత్తికాళ్ళతో బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి దేశమంతా మార్మోగిన మోహన్ బగాన్ సైతం లీగ్ మొదటి డివిజన్‌లో అడుగు పెట్టింది 1915లోనే. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ రెండో డివిజన్ నుంచి ప్రయాణం ప్రారంభించింది. 1924లో పైకి వెళ్ళే అర్హత వచ్చింది. అయితే మొదటి డివిజన్‌లో రెండుకు మించి భారతీయ క్లబ్బులు ఉండరాదన్న నిబంధన అడ్డు నిలిచింది. అప్పటికే అక్కడ మోహన్ బగాన్, ఆర్యన్ ఉన్నాయి. మైదానంలో సంపాదించుకున్న హక్కు కాగితం మీద చెల్లదన్నమాట. వాదోపవాదాల తరువాత ఆ నిబంధన తొలగింది. 1925లో ఈస్ట్ బెంగాల్ మొదటి డివిజన్‌లో ఆడింది. మహమ్మడన్ స్పోర్టింగ్ కథ ఇంకా వేగంగా సాగింది. రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన మొదటి ఏడాదే, 1934లో, ఆ జట్టు లీగ్ విజేత అయింది. 1938 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ కిరీటాన్ని వదలలేదు. కింది డివిజన్ మూసి ఉంటే ఆ జట్టు ఎంత బలమైనదో ఎవరికీ తెలిసేది కాదు.

అదే ఈస్ట్ బెంగాల్‌లో 1949 నుంచి కొన్నేళ్ళ పాటు పంచ పాండవులుగా పేరుపడిన దాడి పంక్తిలో వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే సరసన ఐదో పేరు అప్పారావు. తెలుగు పాఠకునికి ఆ పేరు కొత్తగా ధ్వనించదు.

పాయింట్లు, పట్టిక, వాకోవర్

గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1, ఓటమికి సున్న. పూర్వం గెలుపుకు 2 పాయింట్లే ఉండేవి. డ్రా కోసం ఆడటం ఎక్కువైపోయిందని ఇంగ్లండు 1981లో 3 పాయింట్ల పద్ధతికి మారింది. ప్రపంచ కప్‌లో అది 1994లో వచ్చింది. పాయింట్లు సమానమైతే రెండు మార్గాలున్నాయి. చేసిన గోల్స్ నుంచి ఇచ్చిన గోల్స్ తీసివేసి తేడా చూడటం ఒకటి. ఆ రెండు జట్లు పరస్పరం ఆడిన మ్యాచ్‌ల ఫలితం చూడటం మరొకటి. ఏది ముందన్నది సీజన్ ఆరంభానికి ముందే రాతపూర్వకంగా జట్లకు అందాలి. కింది స్థాయి పోటీలలో తగాదాలు చాలా వరకు మైదానంలో మొదలయ్యేవి కావు, ఈ కాగితం ముందుగా ఇవ్వకపోవడం వల్ల వచ్చేవి.

మ్యాచ్‌ల పట్టిక తయారీకి కంప్యూటరు అక్కర్లేదు. 10 జట్లకు సంఖ్యలిచ్చి, పై వరుసలో 1 నుంచి 5 వరకు, కింది వరుసలో 10 నుంచి 6 వరకు ఎదురెదురుగా రాస్తే మొదటి వారం ఐదు మ్యాచ్‌లు సిద్ధం. తరువాత 1వ సంఖ్యను కదపకుండా మిగిలిన తొమ్మిదింటిని ఒక్కో స్థానం చుట్టూ తిప్పుతూ పోతే తొమ్మిది వారాల్లో ప్రతి జట్టూ ప్రతి జట్టుతో తలపడుతుంది. జట్ల సంఖ్య బేసి అయితే ఒక ఖాళీ గడి ఉంచాలి. ఆ గడి ఎదురు పడిన జట్టుకు ఆ వారం విశ్రాంతి. వ్యాయామ ఉపాధ్యాయులకు ఈ విధానం సుపరిచితమే.

ఒక జట్టులో కనీసం ఏడుగురు లేనిదే మ్యాచ్ మొదలు కారాదన్నది ఆట నిబంధన. కింది డివిజన్లలో ఈ నిబంధన తరచు అవసరమవుతుంది. పరీక్షలు, పెళ్ళిళ్ళు, పంట కోతలు, కూలి పని, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. రానిచోట ఎదుటి జట్టుకు 3-0 గెలుపు ఇచ్చి వాకోవర్ ప్రకటించడం వాడుక. ఒకటి రెండు వాకోవర్లు సహజం. ఒకే జట్టు మూడు నాలుగు సార్లు రాకపోతే మాత్రం పట్టిక మొత్తం అర్థం కోల్పోతుంది. ఆ జట్టును మైదానంలో కష్టపడి ఓడించిన వారికీ, కూర్చుని 3 పాయింట్లు పొందిన వారికీ తేడా లేకుండా పోతుంది. అందుకే చాలా లీగ్‌లు మధ్యలో తప్పుకున్న జట్టు ఫలితాలను పూర్తిగా తొలగించే నిబంధన పెట్టుకుంటాయి.

అంతర్జాతీయ నిబంధనలు కింది స్థాయికి కొన్ని వెసులుబాట్లు కూడా ఇస్తున్నాయి. బయటికి వెళ్ళిన ఆటగాడు మళ్ళీ లోపలికి రావచ్చు. అర్ధభాగం వ్యవధిని 45 నిమిషాల కన్నా తగ్గించుకోవచ్చు. హెచ్చరిక పొందిన ఆటగాడిని కొద్ది నిమిషాలు బయట కూర్చోబెట్టే తాత్కాలిక బహిష్కరణను 2017లో అనుమతించారు. ఇంగ్లండు కింది స్థాయి పోటీలన్నిటిలోనూ 2019-20 సీజన్ నుంచి పది నిమిషాల శిక్షగా ఇది అమలులోకి వచ్చింది. రిఫరీతో వాదనకు దిగేవారికి జరిమానా కన్నా ఈ పది నిమిషాలు బాగా పనిచేస్తాయి. జట్టు సహచరులే ఆ ఆటగాడి నోరు మూయిస్తారు. మైదానం కొలతల్లోనూ పట్టువిడుపు ఉంది. పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్ల మధ్య ఎంతైనా ఉండవచ్చు. గోల్ కొలత మాత్రం మారదు: స్తంభాల మధ్య 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు.

అమెచ్యూర్ అన్న మాటకు ఫిఫా నిర్వచనం సూటిగా ఉంది. క్లబ్బుతో రాతపూర్వక ఒప్పందం ఉండి, ఆట ఖర్చులకు మించి డబ్బు పుచ్చుకునేవాడు ప్రొఫెషనల్. మిగిలినవారందరూ అమెచ్యూర్లే. ప్రయాణ ఖర్చులు, భోజనం, బూట్లు తీసుకున్నంత మాత్రాన ఎవరూ ప్రొఫెషనల్ కారు.

హైదరాబాదులో ఎలా వేళ్ళూనుకుంది?

తెలుగు నేల మీద ఫుట్‌బాల్ చరిత్ర అంటే హైదరాబాదు చరిత్రే. కంటోన్మెంటు, పోలీసు శాఖ, విద్యాసంస్థలు, వీధివీధికీ ఒక క్లబ్బు, ఈ నాలుగూ ఒకచోట కలిసిన ఫలితమది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాదు రాష్ట్రజట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ సాధించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరున ఆ ట్రోఫీ మళ్ళీ వచ్చింది.

ఈ విజయాల వెనుక ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించి, 1963 జూన్ 11న మరణించే వరకు అందులోనే కొనసాగారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన జీవితం ఆధారంగా 2024లో హిందీలో మైదాన్ చిత్రం వచ్చాక కొత్త తరానికి ఆ పేరు తెలిసింది. చిత్రం చూపినది జాతీయ జట్టును. రహీం అసలు పని జరిగింది మాత్రం స్థానిక పోటీలలో. బంతిని ఒక్కరే పట్టుకు పరుగెత్తకూడదన్న షరతుతో పోటీలు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న షరతుతో పోటీలు ఆయన నిర్వహించారు. ఇటువంటి ప్రయోగాలు ఎవరో ఒకరు ప్రతి వారం ఆడుతున్న చోటనే సాధ్యం. ఏడాదికి ఒకసారి కప్పు జరిగే ఊళ్ళో ఏ శిక్షకుడికీ అంత అవకాశం ఉండదు.

సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తరువాతి కాలంలో సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు ఈ వాతావరణం నుంచి ఎదిగారు. బలరాం 1963లో ఈస్ట్ బెంగాల్ విడిచి చేరినది బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో. విజయనగరం మీదుగా రైళ్ళు నడిపిన సంస్థ కూడా ఆ పేరిటిదే.

ఇక్కడి నేల, ఇక్కడి కాలం

ఫుట్‌బాల్‌కు అనుకూలించే మూలాలు ఈ రెండు జిల్లాల్లో లేకపోలేదు. విజయనగరంలో కంటోన్మెంటు అన్న పేటపేరు ఇప్పటికీ నిలిచి ఉంది. పట్టణ సమీపంలోని చింతలవలసలో ప్రత్యేక పోలీసు పటాలం ఉంది. కోరుకొండలో 1962 జనవరి 18న ప్రారంభమైన సైనిక పాఠశాల ఉంది. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం ప్రాంతాలు ఒకప్పుడు జనపనార మిల్లుల కార్మికులతో కళకళలాడాయి. బెంగాల్‌లో హుగ్లీ తీరపు జనపనార మిల్లుల చుట్టూ ఫుట్‌బాల్ పెరిగింది. ఇక ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనులకు తరలివెళ్ళిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో పెద్ద తెలుగు సమాజాన్నే నిర్మించుకున్నాయి. ఫుట్‌బాల్ ఇంటింటి ఆటగా ఉన్న బెంగాల్‌కు, ఈ జిల్లాలకు బంధుత్వాలు తరాలుగా ఉన్నాయి.

చిక్కు అంతా ఆటగాడు నిలవకపోవడంలో ఉంది. ఇక్కడి యువకుడు 18, 20 ఏళ్ళ వయసులో, అంటే ఆట పదును తేలే సమయానికి, విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై బాట పడతాడు. వలస ఈ ప్రాంతానికి కొత్త కాదు. సంక్రాంతికి తిరిగి వచ్చినప్పుడు ఊరి జట్టు బలంగా ఉంటుంది, పోటీలు జోరుగా సాగుతాయి. కనుమ దాటిన వారానికి గోల్‌కీపర్ ఒక ఊళ్ళో, సెంటర్ ఫార్వర్డ్ మరొక ఊళ్ళో. విద్యార్థులతో నింపిన జట్టుకు మార్చి నెల గండం. ఈ కారణం వల్లనే ఇక్కడ లీగ్ నడపదలచినవారు ప్రతి జట్టుకు 11 మందిని కాదు, 25 మందిని నమోదు చేయించవలసి ఉంటుంది.

కాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. కలకత్తా లీగ్ వానాకాలపు బురదలో ఆడతారు. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాలతో పాటు పొలం పనులు. అక్టోబరు తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటి ఇచ్ఛాపురం ప్రాంతాన్ని ఊపివేసింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకి విజయనగరం జిల్లాను దెబ్బ తీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాలలో జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. తుపాను తరువాత స్టేడియాలు, పాఠశాలలు సహాయ కేంద్రాలవుతాయి. ఆటకు చోటుండదు. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో మ్యాచ్ పెట్టడం గురించి ఎవరూ ఆలోచించరు. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నపు ఆట ప్రమాదకరం.

మిగిలేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఈ నాలుగు నెలల్లో సుమారు 17 ఆదివారాలు వస్తాయి. సంక్రాంతికి రెండు, వాయుగుండాలకు ఒకటి తీసివేస్తే 14. ఎనిమిది జట్లు ఇంటా బయటా రెండేసి సార్లు ఆడటానికి సరిగ్గా 14 వారాలు కావాలి. కనుక ఎనిమిది జట్ల డివిజన్ ఈ ప్రాంతానికి సరిపోయే కొలత. పది జట్లు పెడితే పరీక్షల్లోకి పోతుంది, లేదా వారం మధ్యలో ఆడవలసి వస్తుంది. వారం మధ్యలో ఉద్యోగి రాలేడు, కూలికి వెళ్ళేవాడు అసలే రాలేడు.

దూరం మరో అడ్డంకి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి జాతీయ రహదారిపై 130 కిలోమీటర్లకు పైగానే ఉంటుంది. ప్రతి రెండో వారం ఇరవై మందిని తీసుకుని అంత దూరం వెళ్ళడం ఏ ఊరి జట్టుకూ శక్యం కాదు. జర్మనీలో అట్టడుగు లీగ్‌లను జిల్లా స్థాయిలో, చిన్న చిన్న ప్రాంతాలుగా విడదీసి నడపడానికి కారణం ఇదే: ఎంత కిందికి వెళితే ప్రయాణం అంత తగ్గాలి. ఆ సూత్రం ప్రకారం ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి ఒక సముదాయంగాను. నరసన్నపేట, శ్రీకాకుళం, ఆమదాలవలస, రణస్థలం మరొకటిగాను. విజయనగరం జిల్లాలో బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి ఒకవైపు, గజపతినగరం, శృంగవరపుకోట, కొత్తవలస, భోగాపురం మరొకవైపు చేరడం సహజం. ప్రతి సముదాయం నుంచి మొదటి ఇద్దరు ఫిబ్రవరిలో జిల్లా కేంద్రానికి వస్తే చాలు.

పరిపాలన సరిహద్దుల మార్పు కూడా లెక్కలోకి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, పార్వతీపురం, సాలూరు, కురుపాం కలిసి పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. కోడి రామ్మూర్తి పుట్టిన ఊరు ఇప్పుడు ఆయన పేరిట స్టేడియం ఉన్న జిల్లాలో లేదు. జిల్లా జట్టు ఎంపికలో ఏ మండలపు ఆటగాడు ఎక్కడికి చెందుతాడన్నది తల్లిదండ్రులు ముందుగానే తెలుసుకోవడం మంచిది. ఎంపిక పోటీల నాడు తిప్పి పంపితే ఆ ఏడాది వృథా అవుతుంది.

మైదానాల సంగతి అందరికీ తెలిసినదే. ఉన్న ఒక్క కళాశాల మైదానంలోనే తెల్లవారుజామున నడకకు వచ్చేవారు, ఆ పైన క్రికెట్, సాయంత్రం వాలీబాల్. దీపావళికి బాణసంచా దుకాణాలు, ఎన్నికలకు బహిరంగ సభలు. సభ ముగిసిన తరువాత మిగిలే గుంజల గోతులు, మేకులు ఫుట్‌బాల్ ఆటగాడి చీలమండకు శత్రువులు. సభలకు అద్దె వసూలు చేసేవారు గోతులు పూడ్చే బాధ్యతనూ ఆ రసీదులోనే రాయించడం కష్టమైన పని కాదు.

పైన ఏముంది?

కింది లీగ్ ఆడిన జట్టు ఎక్కడి వరకు వెళ్ళవచ్చు? జిల్లా పైన రాష్ట్ర స్థాయి, దాని పైన 2023లో మొదలైన ఐ-లీగ్ 3, ఆపైన ఐ-లీగ్ 2, ఐ-లీగ్, అన్నిటికీ పైన ఇండియన్ సూపర్ లీగ్ అన్న క్రమాన్ని ఆ ఏడాది జాతీయ సమాఖ్య అమలులోకి తెచ్చింది. వ్యక్తిగా ఆటగాడికి మరో మార్గం ఉంది. జిల్లా జట్టు నుంచి రాష్ట్ర జట్టుకు, అక్కడి నుంచి 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీకి. ఉద్యోగం ఆశించే కుటుంబాలకు ఈ రెండో మార్గమే ముఖ్యం. ప్రభుత్వ నియామకాలలో క్రీడా కోటాకు రాష్ట్ర, జాతీయ ప్రాతినిధ్యపు ధ్రువపత్రాలు లెక్కకు వస్తాయి గాని ఊరి కప్పు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2 శాతంగా ఉన్న ఈ కోటాను 2024లో ప్రకటించిన క్రీడావిధానం 3 శాతానికి పెంచింది. అందుచేత లీగ్ అన్నది సరదా మాత్రమే కాదు. ఎంపికదారు ఒక ఆటగాడిని ఒక్క పూట కాక పద్నాలుగు వారాలు చూసే ఏర్పాటు.

పై అంతస్తుల నిలకడ గురించి మాత్రం భ్రమలు అక్కర్లేదు. శ్రీనిధి క్లబ్బు ఐ-లీగ్‌లో విశాఖపట్నం పేరుతో ప్రవేశం పొందింది. తరువాత శ్రీనిధి డెక్కన్‌గా హైదరాబాదు నుంచి ఆడింది. 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. ఉత్తరాంధ్ర అభిమానికి ఇంటి ముందు దక్కవలసిన ఆట 600 కిలోమీటర్ల అవతలికి పోయింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి సూపర్ లీగ్ విజేత అయింది. మూడేళ్ళు తిరక్కుండానే ఆర్థిక ఇబ్బందుల్లో పడి, 2025లో యాజమాన్యం మారి ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద క్లబ్బు వస్తుంది, పోతుంది. ఊరి జట్టుకు తరలిపోవడానికి మరో ఊరు లేదు.

దీనికి భిన్నమైన నమూనా అనంతపురంలో కనిపిస్తుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ అక్కడ క్రీడాగ్రామాన్ని నిర్మించి, గ్రామాల పిల్లలతో అనంతపురం ఫుట్‌బాల్ లీగ్‌ను నడిపింది. అది కరవు జిల్లా. ఫుట్‌బాల్ సంప్రదాయం ఉన్న చోటు కాదు. పెద్ద పేర్లతో కాక, పిల్లలకు నిర్ణీత తేదీన నిర్ణీత ప్రత్యర్థిని చూపించడంతో పని మొదలైంది. బాలికలకు కూడా చోటు కల్పించడం అక్కడి విశేషం. బాలికల విషయంలో తెలంగాణలోని నిజామాబాద్ నుంచి ఎదిగి భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్బు దినామో జాగ్రెబ్‌లో చేరిన గుగులోత్ సౌమ్య ఉదాహరణ తల్లిదండ్రులకు చెప్పదగినది. మల్లేశ్వరి ఎదిగిన జిల్లాలో ఆడపిల్ల ఆటకు పనికిరాదన్న మాట ఎలాగూ నిలవదు.

నమోదు వివరాలు

లీగ్‌లో చేరే జట్టు జిల్లా సంఘంలో, జిల్లా సంఘం రాష్ట్ర సంఘంలో, అది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో సభ్యత్వం కలిగి ఉండాలి. ఆటగాళ్ళ పేర్లు సమాఖ్య కేంద్రీకృత నమోదు విధానంలో చేరితేనే అతడు అధికారికంగా ఆ క్లబ్బు ఆటగాడవుతాడు. వయోవర్గాల పోటీలకు జనన ధ్రువపత్రం కీలకం. పాఠశాల రికార్డుకు, ఆధార్‌కు, జనన ధ్రువపత్రానికి మధ్య తేదీల తేడా ఉంటే సీజన్ ముందే సరిచేయించుకోవాలి. నమోదైన క్లబ్బును విడిచి మరో క్లబ్బుకు ఆడాలంటే బదిలీ ప్రక్రియ పూర్తి కావాలి. పండుగ పోటీలలో మాదిరిగా పొద్దున ఒక ఊరికి, సాయంత్రం మరో ఊరికి ఆడటం లీగ్‌లో కుదరదు.

బంతి 5వ సైజుది, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. రిఫరీ లేకుండా మ్యాచ్ ఆడరాదు. సహాయ రిఫరీలు దొరకని చోట రెండు జట్ల నుంచి ఒక్కొక్కరిని గీత దగ్గర నిలబెట్టి, బంతి బయటికి పోయినదీ లేనిదీ మాత్రమే చెప్పించడం, ఆఫ్‌సైడ్ నిర్ణయాన్ని రిఫరీకే వదలడం వాడుకలో ఉంది.

సరిహద్దు జట్లకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఇచ్ఛాపురానికి శ్రీకాకుళం కన్నా ఒడిశాలోని బరంపురం ఎన్నో రెట్లు దగ్గర. బంధువులు, సంత, ఆసుపత్రి అన్నీ అటే. స్నేహపూర్వక మ్యాచ్‌లకు అక్కడి జట్లను పిలవడానికి అడ్డేమీ లేదు. లీగ్ పాయింట్ల కోసం మాత్రం బస్సు దక్షిణానికే కదలాలి.